తాతగారి మండువా ఐదున్నర సెంట్లలో పడుతుందా?

ప్రశ్న: మా అమ్మ పుట్టిల్లు కోనసీమలో పాత మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, దాని చుట్టూ గదులు ఉన్న ఇల్లు. మామయ్యలు స్థలం పంచుకోవడంతో వచ్చే వేసవిలో దాన్ని విప్పేస్తున్నారు. ఎనిమిది టేకు స్తంభాలు, రెండు దూలాలు, వీధి గుమ్మం, కొన్ని వందల పెంకులు అమ్మ వాటాకి వచ్చాయి. మాకు టౌన్లో తూర్పు ముఖంగా 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలం ఉంది. అందులో మండువా ఉన్న కొత్త ఇల్లు కట్టుకోవాలని నా కోరిక. ఇంజనీర్ గారు ఇంటి నడిమధ్యలో మండువా పెట్టి, పైన పాలికార్బొనేట్ షీట్ (వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకు) వేసి, చుట్టూ కాంక్రీట్ స్తంభాలకి చెక్క రంగు కొట్టేలా ప్లాన్ ఇచ్చారు. మా వారికి దోమలు, కోతులు, దొంగల భయం. వానకి లోపలంతా తడిసి జారి పడతామని అత్తగారికి టెన్షన్. ఈ రోజుల్లో మండువా పెట్టుకోవడం తెలివైన పనేనా? పెడితే ఎంత ఉండాలి? పైన కప్పాలా, వద్దా? పాత కలప పనికొస్తుందా?

- ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

పెట్టుకోండమ్మా. మీ స్థలంలో మండువా పడుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ప్లాన్ ప్రకారం మాత్రం వద్దు. ఇంజనీర్ గారిని తప్పుపట్టడం లేదు. 'తాతగారింట్లో లాగా కావాలి' అని మీరు అడిగి ఉంటారు, ఆయన అలాగే నడిమధ్యన గీసి ఇచ్చారు. కానీ తాతగారి ఇల్లు ఎంత దొడ్డిలో కూర్చుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మీది 2,400 చదరపు అడుగులు, ఐదున్నర సెంట్లు.

లెక్క వేసి చూద్దాం. రూల్స్ ప్రకారం నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ పోగా, కట్టుకోవడానికి సుమారు 33 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు మిగులుతుందనుకుందాం. ఆ 33 అడుగుల్లో 10 అడుగుల మండువా, దానికి అటూ ఇటూ ఐదేసి అడుగుల వసారా పెడితే 20 అడుగులు ఖర్చయిపోయాయి. మిగిలింది 13. రెండు పక్కలకీ పంచి, గోడల మందం తీసేస్తే ఒక్కో గది వెడల్పు ఐదడుగులు. ఆ గదిలో మంచం వేస్తే మనిషి పక్కకి తిరిగి నడవాలి. అందుకే ఇలాంటి ప్లాన్లు పని మొదలయ్యాక మెల్లగా చిక్కిపోతాయి. వసారా మూడడుగులవుతుంది, మండువా ఆరడుగులకి దిగుతుంది, చివరికి దాని పైన షీట్ పడుతుంది, కింద ఎవరో ఒక ప్లాస్టిక్ పూలకుండీ పెడతారు. ఆరడుగుల మండువాలో నిలబడితే బావి అడుగున ఉన్నట్టుంటుంది. గదులు వెలుతురు కోసం, గాలి కోసం ఆధారపడే లోపలి వాకిలికి కనీసం 3 మీటర్ల వెడల్పు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతుంది. అంటే దాదాపు పదడుగులు. అంతకంటే తగ్గితే మండువా ఆలోచనే మానుకుని మంచి కిటికీలు పెట్టుకోవడం నయం.

మరి ఎలా? మండువాని మధ్య నుంచి ఒక అంచుకి జరపండి. ముందు భాగంలో, వీధి వైపు, ఇంటి వెడల్పంతా హాలు. వెనక వంటిల్లు, భోజనాల చోటు. ఒక పక్కన, 16 అడుగుల వెడల్పున, పడకగదులు. ఈ మూడింటి మధ్యన 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు మండువా, దానికి మూడు పక్కలా ఐదడుగుల వసారా. నాలుగో పక్కన గది లేదు. ఏడడుగుల ఎత్తు జాలీ గోడ (గాలి ఆడేలా కంతలు వదిలిన గోడ), దాని అవతల రూల్ ప్రకారం వదిలిన సందు, ఆ తర్వాత ప్రహరీ. ఇప్పుడు లెక్క సరిపోతుంది. వెడల్పులో 10, 5, 16, గోడలకి రెండు. పొడవులో హాలుకి 16, వసారాలతో కలిపి మండువాకి 22, వంటింటికి 12.

నాలుగు పక్కలా ఇల్లు లేకపోతే అది మండువా ఎలా అవుతుందని మీ మామయ్యలు అడగొచ్చు. పాతవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. ఏకశాల, ద్విశాల, త్రిశాల, చతుశ్శాల అని స్థలాన్ని బట్టి, స్తోమతుని బట్టి ఇంటికి పేర్లున్నాయి. మీది మూడు పక్కల ఇల్లున్న త్రిశాల. ఇక్కడే ఒక చిక్కు చెప్పాలి. కోస్తాలో వేసవి సాయంత్రం గాలి దక్షిణం, ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది కాబట్టి తెరిచి ఉంచిన ఆ నాలుగో పక్క దక్షిణం అయితే బాగుంటుందని నా అభిప్రాయం. కానీ వరాహమిహిరుడి పాత సంస్కృత గ్రంథం బృహత్సంహిత దక్షిణ శాల లేని త్రిశాలకి 'చుల్లి' అని పేరు పెట్టి, డబ్బు నిలవదంది. ఉత్తర శాల లేనిదాన్ని 'హిరణ్యనాభం' అని మెచ్చుకుంది. మీ ఇంట్లో వాస్తు పట్టింపు ఉంటే ప్లాన్‌ని అద్దంలో చూసినట్టు తిప్పేయండి. పడకగదులు దక్షిణానికి, జాలీ గోడ ఉత్తరానికి వస్తాయి. పడకగదుల్లో బయటి కిటికీకి ఎదురుగా మండువా వైపు అంతే కిటికీ పెడితే గాలి ఇల్లు దాటి పోతుంది, పెద్దగా నష్టం లేదు. సిద్ధాంతి గారిని మాత్రం ప్లాన్ గీసేటప్పుడే కూర్చోబెట్టండి. పునాదులు తవ్వాక వస్తే ఆయన మాటా చెడుతుంది, మీ ఇల్లూ చెడుతుంది.

ఇంకో సంగతి. 'సంప్రదాయం, ఆధునికం కలపడం' అనగానే రెండింటికీ చెరి సగం ఇవ్వాలన్నట్టు చూస్తారు. ముందు వైపు పెంకులు, వెనక వైపు గాజు. మీ తాతగారి ఇల్లే కలగలుపు ఇల్లు అయ్యుంటుంది. ఆ పైకప్పు మీద ఉన్నవి మంగుళూరు పెంకులైతే అవి ఫ్యాక్టరీ సరుకు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ జర్మన్లు మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక అవి దేశమంతా పాకాయి. అంతకు ముందు మనవి గూనపెంకులే. పాత లోగిళ్ళలో చాలా స్తంభాలు బర్మా నుంచి ఓడల్లో వచ్చిన టేకు. ఆ కాలంలో దొరికిన మంచి వస్తువుని వాళ్ళు మొహమాటం లేకుండా వాడుకున్నారు. మీరూ కాంక్రీటు, స్టీలు, ఏసీ వాడుకోండి. ఒక వస్తువు మరో వస్తువులా వేషం కట్టడమే నాకు నచ్చదు. కాంక్రీటు స్తంభానికి చెక్క రంగు అందుకే వద్దంటున్నాను. ఇంట్లో నిజం స్తంభాలు ఎనిమిది పెట్టుకుని దొంగ స్తంభాలు ఎందుకు?

ఇక పైకప్పు. కప్పవద్దు. ఈ ఒక్కమాట మీద మీ వారితో గట్టిగానే వాదించండి.

మండువా చేసే పనేమిటో తెలిస్తే ఎందుకు కప్పకూడదో అర్థమవుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది, దాని చోటులోకి కిటికీల గుండా కొత్త గాలి వస్తుంది. రాత్రి నేల, గోడలు తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. షీట్ వేస్తే ఈ రెండూ ఆగిపోతాయి. పైగా ఎండ షీట్ గుండా లోపలికి దిగుతుంది, వేడి బయటికి పోదు. మే నెల మొదటి వారం చివర్లో మీ వైపు సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడ పడదు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ అదే. ఆ మే మధ్యాహ్నం షీట్ కింద నిలబడిన మండువా మొక్కలు పెంచే గాజు గదిలా ఉంటుంది, దాని వేడి మూడు పక్కల గదుల్లోకీ పోతుంది. డబ్బిచ్చి ఇంటి మధ్యలో పొయ్యి పెట్టుకున్నట్టే.

అలాగని మండువా ఏసీ చేసే పని చేస్తుందని ఆశపడకండి. రాత్రి బాగా చల్లబడే పొడి ప్రాంతాల్లో, అంటే అనంతపురం, కర్నూలు లాంటి చోట్ల, రాత్రి చల్లగాలి మండువాలో నిలిచి మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. మీది ఉక్కపోత ప్రాంతం. రాత్రికీ పగలికీ వేడిలో అంత తేడా ఉండదు. మీకు మండువా ఇచ్చేది వెలుతురు, గాలి కదలిక, వసారాలో నీడ. ఏప్రిల్, మే నెలల్లో పడకగదుల్లో ఏసీ వేసుకోవాల్సిందే. దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ గదుల తలుపులు, కిటికీలు బిగుతుగా మూసుకునేలా చేయించండి, చాలు.

మీ వారి భయాలు మూడు. కోతులకి, దొంగలకి స్లాబ్ ఎత్తున గాల్వనైజ్డ్ గ్రిల్ వేయించండి, ఊచకీ ఊచకీ మధ్య నాలుగంగుళాలు. శుభ్రం చేయడానికి దానిలో తాళం వేసుకునే చిన్న తలుపు ఉండాలి. మామూలు ఇనుముకి రంగు కొట్టి సరిపెట్టకండి, సముద్రపు గాలికి నాలుగేళ్ళలో పొట్టు పొట్టుగా రాలుతుంది. మోటారుతో జరిగే పైకప్పులు కూడా అమ్ముతున్నారు. తుప్పు, తేమ ఉన్న చోట కదిలే సామాను ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మీ కోనసీమలో 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి షీట్ ఎలా ఎగిరిపోతుందో నేను చెప్పక్కర్లేదు. గ్రిల్ గాలికి అడ్డు నిలవదు కాబట్టి ఎగరదు.

దోమలు ఆకాశం నుంచి ఊడిపడవు. నిలవ నీటిలో వారం, పది రోజుల్లో పుడతాయి. మండువా నేల సరిగ్గా వాలుగా ఉండి, వాన ఆగిన గంటలో ఆరిపోతే అక్కడ దోమ పుట్టదు. తామర తొట్టి పెట్టాలనిపిస్తే అందులో గప్పీ చేపలు వేయండి, లార్వాని అవి తినేస్తాయి. వీధిలోంచి వచ్చే దోమల కోసం మండువా పైన వల కట్టే బదులు గదుల తలుపులకి, కిటికీలకి వల తలుపులు పెట్టండి. పైన కట్టిన వల రెండు నెలల్లో దుమ్ముతో, ఆకులతో మూసుకుపోతుంది. దాన్ని ఎవరూ ఎక్కి కడగరు.

ఇంత చెప్పినా ఇంట్లో ఒప్పుకోకపోతే ఒక మధ్యే మార్గం ఉంది. కప్పుని స్లాబుకి అతికించకుండా రెండు మూడడుగుల పైన నిలబెట్టి, నాలుగు పక్కలా తెరిచి ఉంచి, అంచులు రెండేసి అడుగులు బయటికి వచ్చేలా చేయడం. వేడి గాలి పక్కల నుంచి పోతుంది. వాన, ఆకాశం మాత్రం ఉండవు. అప్పుడు దాన్ని మండువా అనకండి, వెలుతురు గది అనండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నీళ్ళు. మండువా ఇళ్ళు చెడేది ఇక్కడే, దీని గురించి ఎవరూ ముందు మాట్లాడరు.

పాత లోగిలిలో నాలుగు పక్కల పైకప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన నీరంతా మండువాలో పడి, తూము గుండా దొడ్డిలోకి పోయేది. దొడ్డి విశాలం కాబట్టి నడిచిపోయింది. మీ ఇంట్లో పెద్ద స్లాబ్ నీరు మొత్తం బయటి వైపుకే పోవాలి, ఒక్క చుక్క కూడా లోపలికి రాకూడదు. లోపలికి వాలేది వసారా పెంకుల కప్పు మాత్రమే. అప్పుడు కూడా మండువాలోకి నీరు దించే ప్రాంతం వసారాలతో కలిపి 15 అడుగులు, 22 అడుగులు. అంటే 330 చదరపు అడుగులు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి, తుఫాను రోజుల్లో అదేమీ వింత కాదు. సుమారు 1,500 లీటర్లు ఆ గంటలో మండువాలోకి దిగుతాయి. తూము ఆకులతో మూసుకుపోయి ఉంటే 10 అడుగులు, 12 అడుగుల నేల మీద ఆ నీరు ఐదున్నర అంగుళాల ఎత్తు నిలుస్తుంది. మండువా నేల వసారా కంటే ఆరంగుళాలే దిగువన ఉంటే గంట తర్వాత నీరు మీ హాల్లోకి చూస్తూ ఉంటుంది. అందుకే తొమ్మిదంగుళాలు దించమంటాను. నాలుగంగుళాల పైపులు ఒకటి కాదు, రెండు, రెండు మూలల్లో వేయించండి. నీటి లెక్కకి ఒకటి చాలు. రెండోది ఆకు అడ్డం పడ్డ రోజు కోసం. పైపు నోటికి చదునుగా ఉండే జల్లెడ పెడితే ఒక్క బాదం ఆకు చాలు దాన్ని మూసేయడానికి. గోపురంలా పైకి లేచిన జల్లెడ పెట్టించండి.

ఆ రెండు పైపులూ ఎక్కడికి పోతాయన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. చాలా ఏళ్ళ క్రితం నేను గీసిన ఒక ఇంట్లో మండువా నేల, వీధి కాలువ కంటే అడుగున్నర ఎత్తున ఉండేలా పెట్టి చాలనుకున్నాను. ఆ వీధిలో రోడ్డు మీద రోడ్డు వేశారు, దాంతో పాటు కాలువా పైకి లేచింది. ఎనిమిదో ఏడు వానాకాలంలో ఆ ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. నీరు బయటికి పోవడం లేదు సరికదా, వీధి నీరు పైపులోంచి మండువాలోకి వస్తోంది. తప్పు నాదే. నేలని పగలగొట్టి పైకి లేపాల్సి వచ్చింది, స్తంభాల కింది రాయి సగం మునిగిపోయింది. ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే నేను కింద చూడను. మీరు మండువా అడుగు నేలనే కొలతగా తీసుకోండి. అది ఈరోజు వీధి మట్టం కంటే కనీసం రెండున్నర అడుగులు పైన ఉండాలి. దాని మీద మరో తొమ్మిదంగుళాలు వసారా, గదుల మట్టం. ఇల్లు కాస్త ఎత్తుగా కనిపిస్తుంది, అరుగులు వేసుకోవడానికి వీలు కూడా దొరుకుతుంది. పైపు చివర ఎదురు నీరు రాకుండా ఆపే వాల్వ్ పెట్టించడం మర్చిపోకండి.

మీ వైపు నీటి మట్టం పైపైనే ఉంటుంది కాబట్టి ఇంకుడు గుంత తవ్వితే వానాకాలంలో అది నిండే ఉంటుంది. అంతకంటే పెద్ద స్లాబ్ నీటిని వడపోసి సంపులోకి పట్టుకోవడం మేలు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, దాని విలువ మీకు నాకంటే బాగా తెలుసు.

అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ చెప్పింది నిజం. జపాన్‌లో తడావో ఆండో అనే ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ 1976లో ఒసాకాలో ఒక సన్నటి ఇల్లు కట్టాడు. ఇంటిని మూడు ముక్కలు చేసి మధ్య ముక్కని ఆకాశానికి వదిలేశాడు. పడకగదిలోంచి స్నానాలగదికి వెళ్ళాలంటే ఆ వాకిలి దాటాలి, వాన పడితే గొడుగు పట్టుకోవాలి. అది ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఇల్లు. కానీ మీ అత్తగారు దానిలో ఒక్క రాత్రి కూడా ఉండరు. మన పాతవాళ్ళు వసారా ఎందుకు పెట్టారో అది చూస్తే తెలుస్తుంది. ఏ గదిలోంచి ఏ గదికైనా కప్పు కిందనే నడవాలి, మండువాలోకి దిగడం మన ఇష్టం మీద ఉండాలి. వసారా ఐదడుగులకి తగ్గవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. వాన జల్లు రెండు మూడడుగులు లోపలికి కొడుతుంది, మిగతా రెండడుగులు పొడిగా నడవడానికి.

తొమ్మిదంగుళాల దిగుడుని ఒకే మెట్టుగా ఉంచకండి. నాలుగున్నర అంగుళాల మెట్లు రెండు చేయండి, దిగే చోట పట్టుకోవడానికి స్తంభం అందేలా చూడండి. వసారా అంచున ఒక వరస రాయి వేరే రంగులో ఉంటే చూపు తగ్గినవాళ్ళకి అంచు తెలుస్తుంది. మండువాలో, వసారాలో పాలిష్ గ్రానైటు, నున్నటి టైల్స్ అసలు వద్దు. పాలిష్ చేయని కడప రాయి గానీ తాండూరు బండ గానీ, ఉలితో గరుకు చేయించి వేయండి. ఎండ తగలని మూలన పాకుడు పడుతుంది, వానాకాలంలో వారానికోసారి గట్టి చీపురుతో రుద్దక తప్పదు. ఆ రుద్దేది ఎవరో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇది హాస్యానికి అనడం లేదు. మండువాలో ఆకులు పడతాయి, పిచ్చుకలు, పావురాలు వస్తాయి, రోజూ ఊడవాలి. ఆ పని మొత్తం మీ ఒక్కరి మీదే పడేటట్టయితే రెండో ఏడు మీరే షీట్ వేయించమంటారు.

కలప సంగతి. స్తంభాలని విప్పాక ఒక్కోదాన్నీ తాపీగా చూడాలి. వేలి కణుపుతో కొడితే గట్టి చప్పుడు రావాలి, బోలుగా మోగితే లోపల చెద తినేసినట్టు. స్క్రూడ్రైవర్ మొనతో అడుగు భాగాన్ని పొడిచి చూడండి. నేల చెమ్మ తగిలే కింది ఆరంగుళాలు మెత్తబడి ఉండటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఆ మేరకు కోసేసి, కింద అడుగు ఎత్తు రాతి దిమ్మ పెట్టి, మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు మేకుతో నిలబెడితే స్తంభం ఇక నేల తడిని ముట్టదు. మీ స్తంభాలు ఏడడుగులు ఉన్నాయనుకుంటే, ఆరంగుళాలు పోయి, అడుగు కలిసి ఏడున్నర అడుగులవుతాయి. గది గోడ మీద వసారా కప్పు 10 అడుగుల దగ్గర మొదలై ఐదడుగుల దూరంలో స్తంభం మీద ఏడున్నరకి దిగితే ఆ వాలు మంగుళూరు పెంకులకి సరిగ్గా సరిపోతుంది. స్తంభం దాటి చూరు మరో అడుగున్నర ముందుకి రావాలి. అప్పుడు చూరు అంచు ఆరడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఆగుతుంది. ఎవరి తలా తగలదు, పడమటి ఎండ మాత్రం ఆగిపోతుంది.

ఇక్కడ ఒక హద్దు గీస్తున్నాను. ఈ స్తంభాల మీద వసారా కప్పు బరువే పెట్టండి, కాంక్రీటు స్లాబ్ బరువు పెట్టవద్దు. పెంకుల కప్పు మోయడం వాటికి అలవాటైన పని. మూడు పక్కలకీ ఏడు స్తంభాలు చాలు. మూలల్లో రెండు, జాలీ గోడ దగ్గర రెండు, ఒక్కో పక్క మధ్యలో ఒకటి చొప్పున మూడు. ఎనిమిదో దాన్ని దాచుకోండి, విప్పేటప్పుడు ఒకటి తప్పక చీలుతుంది. రెండు దూలాలు రెండు పక్కలకి వస్తాయి, మూడో పక్కకి కొత్త కలప కొనండి. కొత్తదానికి ముదురు రంగు పూసి పాతదానిలా చేయమని వడ్రంగి అంటాడు, ఒప్పుకోకండి. తేడా తెలియనివ్వండి.

పెంకుల్లో మంచివి వసారా కప్పుకి పోగా మిగిలినవాటిని పారేయకండి. స్లాబులో అడుగు భాగాన ఉండే కాంక్రీటు బరువే తప్ప పెద్దగా బలం ఇవ్వదు. కడ్డీల మధ్య ఆ చోటుని పాత పెంకులతో నింపి పోసే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ దీన్ని ఎన్నో ఇళ్ళలో చేసి చూపించాడు. కాంక్రీటు ఆదా అవుతుంది, స్లాబ్ తేలికవుతుంది, కింద నుంచి చూస్తే పెంకుల వరసలు కనిపిస్తాయి. కానీ ఇది అలవాటున్న మేస్త్రీ చేయాల్సిన పని. మీ ఇంజనీర్ గారు కడ్డీల లెక్క దానికి తగ్గట్టు మళ్ళీ వేయాలి. ఆయనకి నమ్మకం కలగకపోతే బలవంతపెట్టకండి, మామూలు స్లాబే వేసుకోండి.

వీధి గుమ్మాన్ని వీధికే పెట్టాలన్న నియమం లేదు. పాత గుమ్మాలు పొట్టివి, కొత్త తాళాలు వాటికి సరిగ్గా కుదరవు. హాల్లోంచి వసారాలోకి వెళ్ళే దారికి దాన్ని పెట్టండి. రోజుకి ఇరవై సార్లు దాటుతారు, దాన్ని చూస్తారు, ముట్టుకుంటారు. వీధికి మాత్రం గట్టి కొత్త తలుపు.

మేడ వేసే ఆలోచన ఉంటే పడమర వైపు, వంటింటి పైనే వేయండి. పడమటి మేడ మధ్యాహ్నం ఎండని మండువా మీద పడకుండా ఆపుతుంది. తూర్పు హాలు మీద మేడ వద్దు, పొద్దుటి వెలుతురు పోతుంది. డిసెంబరు మధ్యాహ్నం మీ వైపు సూర్యుడు దక్షిణానికి వాలి, గోడ ఎత్తుకి దాదాపు ఎనభై అయిదు శాతం పొడవు నీడ పడుతుంది. అంటే మండువాకి దక్షిణాన రెండంతస్తుల గోడ, ఇరవై అడుగులది, ఉంటే పదిహేడడుగుల నీడ. పదడుగుల మండువా చలికాలమంతా చీకట్లో ఉండి పాకుడు పడుతుంది. దక్షిణ భాగం ఎలా ఉన్నా ఒక్క అంతస్తుకి మించనివ్వకండి.

చెట్టు పెట్టాలనిపిస్తే పారిజాతమో నందివర్ధనమో, ఒక్కటే, పైపులకి దూరంగా ఉన్న మూలన. మామిడి, బాదం ఆలోచన వద్దు, వాటి వేర్లు ముందు మీ పైపుల్ని వెతుక్కుంటాయి.

ఇవన్నీ చేయడానికి ఇంకా టైముంది. కానీ విప్పే పని వేసవిలోనే కాబట్టి ఒక పని ఈ నెలలోనే చేయాలి. శ్రీలంకలో జెఫ్రీ బావా అనే ఆర్కిటెక్ట్ 1960ల మొదట్లో కొలంబోలో ఎనా డి సిల్వా అనే కళాకారిణి కోసం మండువా ఇల్లు కట్టాడు. తర్వాత ఆ స్థలం చేతులు మారితే, ఇంటిని విప్పి లునుగంగలో ఆయన తోటకి తరలించి మళ్ళీ కట్టారు. మీరు ఇల్లంతా తరలించక్కర్లేదు, మీ వాటాకి వచ్చిన కలపని క్షేమంగా దించుకుంటే చాలు. కూల్చే కాంట్రాక్టర్ చేతికి ఇస్తే అతను గడ్డపారతో లాగుతాడు. విప్పే రెండు రోజులూ మీ సొంత వడ్రంగిని పెట్టుకోండి. ముందుగా తాతగారింట్లో మండువా పొడవు, వెడల్పు, లోతు, వసారా వెడల్పు, చూరు ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. దించిన కలపని గోడకి చేరేసి నిలబెట్టకండి, కింద ఇటుకలు పెట్టి, పడుకోబెట్టి, పైన కప్పి ఉంచండి. ఏ స్తంభం ఏ మూలదో, ఏ ముఖం లోపలికి ఉండేదో దాని మీదే నంబరు వేయండి. సుద్దముక్కతో కాదు, పెయింటుతో. సుద్ద మొదటి వానకే పోతుంది.